ఇరవైరెండు పిండిముద్దలు, ఒక వార్డరు

కతాల్దో మా వీధిలోకి వస్తున్నాడంటే తల తిప్పి చూడక్కర్లేదు, అడుగుల చప్పుడే చెబుతుంది. రిటైరై రెండేళ్ళయింది. నడుముకి తాళాలగుత్తి వేలాడటం మానేసి కూడా అంతే అయింది. అయినా ఆ కుడి చెయ్యి మాత్రం గుత్తి మోగకుండా అదిమిపట్టినట్టు ఇప్పటికీ తొడకి అంటుకునే ఉంటుంది. ముప్పైరెండేళ్ళు జైలు వార్డరుగా చేసిన మనిషి. కాఫీకొట్టులో అడుగు పెడితే ముందు తలకాయలు లెక్కపెడతాడు, తర్వాతే కాఫీ అడుగుతాడు. నిన్న ఏడుగురుండి ఇవాళ ఆరుగురుంటే, ఆ ఏడోవాడు ఎక్కడికి పోయాడో తేలేదాకా కాఫీ గొంతు దిగదు.

"ఇంట్లోనూ ఇదే వరస," అంటుంది అతని భార్య మరీస. "ఉన్నది ఇద్దరం. పడుకునే ముందు ఇద్దరినీ లెక్కపెట్టుకుంటాడు. ఏదో ఒకరోజు లెక్క తప్పి ముగ్గురొస్తే ఏం చెయ్యాలా అని నా బెంగ."

అలాంటివాడు రిటైరయ్యాక ఏం పని పెట్టుకున్నాడయ్యా అంటే, జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళకి ఉద్యోగాలు వెతికిపెట్టే పని. ఆల్తమూర ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ముప్పైరెండేళ్ళు తలుపులు వేసినవాడు ఇప్పుడు తలుపులు తీయిస్తానని బయల్దేరాడు మరి!

అసలు సంగతేమిటంటే, రిటైరైన మూడోనాడు బస్టాండులో అతనికి అప్పుడే జైలు నుంచి వదిలినవాడొకడు కనిపించాడు. చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచి, అందులో ఎనిమిదేళ్ళ సామాను. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. వాడు కదల్లేదు. ఇంకోటి వచ్చింది, పోయింది. కతాల్దో వెళ్ళి "ఏరా, ఎక్కవేం?" అన్నాడు. "మీరు చెప్పలేదుగా సారూ," అన్నాడు వాడు. ఆ మాట కతాల్దోని నాలుగు రాత్రులు పడుకోనివ్వలేదు. ఐదోరోజు పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని గుర్తింపు కార్డు కోసం మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాడు. అలా మొదలైంది. రెండేళ్ళలో పదకొండుమందిని పనుల్లో పెట్టాడు. అందులో ఇద్దరు మళ్ళీ లోపలికి పోయారు. ఆ ఇద్దరి పేర్లూ ఎవరైనా ఎత్తారంటే, కతాల్దో సొంత కొడుకులు పరీక్ష తప్పినట్టు మొహం ముడుచుకుని లేచిపోతాడు.

పన్నెండోవాడు సవీనో. మా కథంతా వీడితోనే.

సవీనో మా వీధివాడే. ఏడేళ్ళ కిందట బుద్ధి గడ్డితిని, మూతికి గుడ్డ కట్టుకుని, నల్లరంగు పూసిన బొమ్మతుపాకి పట్టుకుని అపొల్లోనియమ్మ సిగరెట్ల కొట్టులో దూరాడు. గుడ్డ కట్టుకుంటే మాత్రం ఏం లాభం, "నువ్వు సెరఫీన కొడుకువి కదురా!" అందావిడ వెంటనే. వీడు కంగారుపడి తోసేసి పారిపోయాడు. ఆవిడ వెల్లకిలా పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. అరగంటలో వీణ్ణి పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళు వేశారు. ఇప్పుడు చివరి పద్నాలుగు నెలలూ బయట పనిచేస్తూ గడుపుకోవచ్చని జడ్జి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు. మూడు నెలలు ఎక్కడైనా పని చెయ్యాలి. మూడు నెలలయ్యాక యజమాని "వీణ్ణి నేను ఉంచుకుంటాను" అని సంతకం పెట్టిన కాగితం చేరాలి. చేరకపోతే మళ్ళీ లోపలికే. మెట్లు తుడిచి ఇల్లు నెట్టుకొస్తున్న వాడి భార్య మెలీన మిగతా పదకొండు నెలలూ ఒంటరిగా ఉండాలి.

ఆ యజమాని ఎవరంటే చెజారియ, మా వీధి చివర రొట్టెల బట్టీ ఆవిడ. డెబ్భై దాటింది, నోరు మాత్రం పదహారేళ్ళ దగ్గరే ఆగింది. సవీనో తల్లి సెరఫీన ఆ బట్టీలోనే ఇరవయ్యేళ్ళు పనిచేసి, మూడేళ్ళ కిందట పోయింది. అందుకే కతాల్దో వీణ్ణి తీసుకెళ్ళి నిలబెడితే చెజారియ కాదనలేకపోయింది. అలాగని ఊరికే ఒప్పుకునే మనిషీ కాదు.

"దొంగ చేతికి తాళాలిస్తున్నావన్నమాట, కతాల్దో."

"తాళాలు కాదమ్మా, పార ఇవ్వు. రొట్టెలు తీసే పార."

"వాడు తలుపు దగ్గరే నిలబడిపోయాడేంటి?"

సవీనో నిజంగానే గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గరగా వేసుందంతే, గడియ కూడా లేదు. ఏడేళ్ళుగా ఏ తలుపూ తనంతట తాను తీసి ఎరగడు పాపం.

"ఒరేయ్, అది తలుపురా, కరవదు! తోసుకుని రా!" అని అరిచింది చెజారియ. మొదటి నెలంతా రోజూ పొద్దున అదే అరుపు. మేం దాన్ని విని గడియారాలు సరిచేసుకునేవాళ్ళం.

పని మాత్రం తల్లి పోలికే. పొయ్యి వేడి చేత్తో చూసి చెప్పేవాడు. చెజారియ తిట్టడం తగ్గించింది, అంటే మెచ్చుకున్నట్టే. చిక్కంతా శనివారం దగ్గర వచ్చిపడింది.

మా వీధి ఆడవాళ్ళు ఇప్పటికీ శనివారం పొద్దున ఇంట్లో పిండి కలిపి, గుడ్డలో చుట్టి, బట్టీకి తెస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో కొయ్య అచ్చు. ఇంటిపేరు అక్షరాలు చెక్కి ఉంటాయి, పైన పట్టుకోవడానికి కోడిపుంజో గొర్రెల కాపరో బొమ్మ. ముద్దని పొయ్యిలోకి తోసే ముందు దాని మీద ఆ అచ్చు గుద్దుతారు. ముందే గుద్దితే పిండి పొంగి గుర్తు చెరిగిపోతుంది. మధ్యాహ్నానికి ఎవరి రొట్టె వాళ్ళు అచ్చు చూసి పట్టుకుపోతారు. పక్కింటి రొట్టె తినాల్సొస్తే మా ఆడవాళ్ళు పస్తైనా ఉంటారు. ఇలాంటి బట్టీలో సవీనో చేరాడని తెలిసిన మొదటి శనివారం, ఇరవైరెండు ముద్దలు రావలసింది నాలుగొచ్చాయి. ఆ నాలుగింటిలో ఒకటి మరీసది. అదీ మొగుడి పోరు పడలేక. మిగతావాళ్ళంతా చర్చి వెనక బట్టీకి మళ్ళారు.

కతాల్దో గడప గడపకీ తిరిగాడు. "వాడు మారాడమ్మా" అని చెప్పాడు. అయితే వార్డరు గొంతు వార్డరు గొంతే కదా, బతిమాలినా గద్దించినట్టే ఉంటుంది. ఆడవాళ్ళు "సరేలే నాన్నా" అని తలుపేసుకున్నారు. చూస్తుండగానే మూడు నెలలూ అయిపోవచ్చాయి. సోమవారంనాడు కాగితం జడ్జికి చేరాలి.

"నాకు వాడి మీద కోపం లేదు," అంది చెజారియ. "కానీ శనివారాలు లేకపోతే ఈ పొయ్యికి కట్టెలు కూడా రావు. వాడికి జీతం ఎక్కణ్ణుంచి తేను? అబద్ధపు సంతకం పెట్టను కతాల్దో. ఈ శనివారం కూడా ఇంతే అయితే, క్షమించు."

కతాల్దో మొహం చూసి ఆవిడకే జాలేసింది. సవీనో పార తీసి గోడకి ఆనించి కట్టెలకోసం పెరట్లోకి పోయాడు.

ఇక చూడండి అదృష్టం! ఆ శుక్రవారమే చర్చి వెనక బట్టీ పొగగొట్టం పగిలి ఊరుకుంది. కతాల్దో మూడు నెలల ఉపన్యాసాలు చెయ్యలేని పని ఒక పగిలిన గొట్టం చేసింది. శనివారం పొద్దున వీధంతా చంకలో ముద్దలతో క్యూ కట్టింది. అందరికంటే చివర అపొల్లోనియమ్మ వచ్చింది. ముద్దని కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో ఆసరా ఇచ్చి, తనే వెళ్ళి బల్లమీద పెట్టింది. పక్కన అచ్చు పెట్టింది. సవీనో వైపు చూడలేదు. వెళ్ళిపోయింది.

చెజారియకి ఆరోజు మరిది ఆబ్దికం ప్రార్థన, చర్చికి వెళ్ళాలి. "గంటన్నరలో వస్తాను. సవీనో, పొయ్యి నీది. జాగ్రత్త," అంది. తర్వాత మూల నిలబడ్డ కతాల్దో వైపు తిరిగి వేలు చూపించింది. "నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకు."

ముట్టుకోవద్దంటే ఊరుకునే చేతులైతే ఈ కథే లేదు.

సవీనో పెరట్లో ఓక్ కట్టెలు చీలుస్తున్నాడు. కతాల్దో బల్లల మీదికి చూశాడు. ఇరవైరెండు ముద్దలు అడ్డదిడ్డంగా, పూలగుడ్డ ఒకటి, గళ్ళగుడ్డ ఒకటి, అచ్చులు ఎక్కడపడితే అక్కడ. అతని గుండె తరుక్కుపోయింది. ఇదేం పద్ధతి? ఏదన్నా అచ్చు దొర్లి కిందపడితే? ఈరోజు ఒక్క పొరపాటు జరిగితే కుర్రాడి బతుకు ఏంగాను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు, ముప్పైరెండేళ్ళ ఉద్యోగంతో వచ్చిన బుద్ధీ అంతే. కొత్తవాడు జైలుకొస్తే ఏం చేస్తారు? ఒంటి మీది బట్టలు విప్పించి మడతపెడతారు, సామాను డబ్బాలో వేస్తారు, నంబరిస్తారు, వరసలో నిలబెడతారు. కతాల్దో సరిగ్గా అదే చేశాడు. ముద్దలకి చుట్టిన గుడ్డలన్నీ విప్పి, ముచ్చటగా మడిచి దొంతర పెట్టాడు. అచ్చులన్నీ ఏరి పాత బిస్కెట్ల డబ్బాలో వేశాడు. చిన్న చిన్న కాగితం ముక్కల మీద నంబర్లు రాసి ముద్దకొకటి పెట్టాడు. ఇంకో కాగితం మీద ఏ నంబరు ఎవరిదో రాశాడు. చివరికి ముద్దల్ని పొడుగుని బట్టి వరసలో పెట్టాడు, పెద్దది ఈ చివర, చిన్నది ఆ చివర. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఒక్కసారి లెక్కపెట్టాడు. ఇరవైరెండు. కళ్ళు చల్లబడ్డాయి.

పొయ్యి వేడికి చెమట పడుతుంటే, వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచాడు.

మా ఆల్తమూర గాలి సంగతి తెలియనివాడేం కాదు, ఇక్కడే పుట్టాడు. పెరటి తలుపు కూడా తెరిచే ఉంది. ఒక్క విసురు. ఇరవైరెండు కాగితం ముక్కలూ పిచ్చుకల్లా లేచాయి. కొన్ని పెరట్లోకి, కొన్ని తిన్నగా పొయ్యి నోట్లోకి. జాబితా కాగితం కూడా చెల్లెళ్ళ వెనకే అక్కయ్యలా నిప్పుల్లో పడింది.

సవీనో కట్టెలు మోసుకొచ్చేసరికి కతాల్దో తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఇరవైరెండు పిండిముద్దలు, ఒంటిమీద గుడ్డ లేకుండా, పేరూ ఊరూ లేకుండా. పక్కన డబ్బాలో ఇరవైరెండు అచ్చులు.

సవీనోకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కట్టెలు కింద పెట్టి అలాగే కూలబడ్డాడు.

"సారూ... ఏం చేశారు సారూ?"

"పద్ధతిగా పెడదామని..."

"అయిపోయింది. నేనే కావాలని కలిపేశానంటారు. లేదా చేతకాదంటారు. ఏదన్నా ఒకటే."

"పోనీ పరిగెత్తి ఆడవాళ్ళని పిలుచుకురానా? ఎవరిది వాళ్ళు..."

"వాళ్ళొచ్చి ఈ వరస చూస్తే గుడ్డల్లో చుట్టుకుని తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ జన్మలో రారు. ఐనా పొయ్యి వేడి అందుకుంది సారూ. ఇంకో అరగంట దాటితే పొంగిన పిండి దిగిపోతుంది."

కతాల్దో జీవితంలో మొదటిసారి ఏం చెయ్యాలో ఏ నిబంధనల పుస్తకంలోనూ దొరకని చోటికి వచ్చాడు. సవీనో లేచి, ఊరికే, చేతికి ఏదో పని ఉండాలన్నట్టు ఒక ముద్ద మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి ఆగాడు. ముద్ద ఒంటినిండా సన్నటి గళ్ళు, నేత గుర్తులు.

"సారూ," అన్నాడు నెమ్మదిగా. "పసిపిల్లల ఉన్ని దుప్పట్లో చుట్టేది ఎవరు? అమ్మ చెప్పేది చూడండి..."

కతాల్దో నోరు తెరిచాడు. "ఒత్తావియ టీచరు! 'పిల్లలు లేరుగా, ముద్దనే జోకొడుతుంది' అనేది మీ అమ్మ. రెండు మూడు గురువారాలు దాని మీదే నడిచింది."

గురువారం గురువారం ములాఖత్. సెరఫీన నాలుగేళ్ళు ఒక్క వారం తప్పకుండా వచ్చేది. బల్లకి ఈ పక్క తల్లి, ఆ పక్క కొడుకు, మూలన గోడకానుకుని వార్డరు కతాల్దో. ఆవిడ ఏడిచేది కాదు. ఎందుకిలా చేశావురా అని అడిగేది కాదు. గంటసేపూ పిండి కబుర్లే. ఎవరి ముద్ద ఎలా ఉంది, ఎవరు ఉప్పెక్కువ వేశారు, ఎవరు పిసకడానికి ఒళ్ళు దాచుకున్నారు. కతాల్దోకి వినక తప్పేది కాదు. "ఆ పిండి పురాణం విని విని నాకే పులిసిపోయింది" అని ఇంట్లో మరీసతో మొత్తుకునేవాడు. సెరఫీన పోయినప్పుడు సవీనోని అంత్యక్రియలకి తీసుకెళ్ళింది కూడా అతనే. చర్చి మెట్ల దగ్గర బేడీలు తీసేశాడు, శవపెట్టె మొయ్యమన్నాడు. ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. కతాల్దో రాయకుండా వదిలేసింది ముప్పైరెండేళ్ళలో అదొక్కటే.

ఇప్పుడు ఇద్దరూ ముద్దల మీద వంగారు.

"ఇది చూడండి, బొటనవేలి గుంటలు."

"విత్తోరియ! 'పిండిలో వేలు పెట్టకుండా ఉండలేదు, ఊళ్ళో వాళ్ళ సంసారాల్లోనూ అంతే' అనేది."

"ఇది పుల్లవాసన కొడుతోంది సారూ, ముక్కు పెట్టండి."

"నా ముక్కు... ఆఁ, ఫిలిప్ప! పాత పులుపు పిండి మూడింతలు వేస్తుంది, తొందరగా పొంగాలని."

"ఇది నాలుగు మడతలు."

"మూడు మడతలు చాలని ఎవరు చెప్పినా వినని ఇల్లు ఒకటే. కబేళా పక్కిల్లు!"

ఒక్కొక్కటే డబ్బాలోంచి అచ్చు తీయడం, గుద్దడం, పారమీద పెట్టి పొయ్యిలోకి తోయడం. సవీనో చేతులు ఆడుతున్నాయి, కతాల్దో నోరు ఆడుతోంది. ఒకసారి ఇద్దరూ ఒకేసారి "సైకిలు రిపేరువాడి పెళ్ళాం!" అని అరిచి నవ్వారు. కొన్నింటి దగ్గర గొడవపడ్డారు. "నీకు గుర్తులేదురా, నువ్వు ఏడుస్తున్నావు ఆ రోజు" అన్నాడు కతాల్దో ఒకచోట. సవీనో ఆ అచ్చే తీసి గుద్దాడు.

ఇరవై ముద్దలు లోపలికి వెళ్ళాయి. రెండు మిగిలాయి. రెండు అచ్చులు మిగిలాయి. ఒకటి అపొల్లోనియమ్మది. రెండోది... కతాల్దో ఇంటిదే.

సెరఫీన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అపొల్లోనియమ్మ పేరు తలచలేదు. ఏ మొహం పెట్టుకుని తలుస్తుంది? ఇక మరీస ముద్ద సంగతి, వార్డరు నిలబడి వింటుంటే వార్డరు పెళ్ళాం పిండికి వంక పెట్టేంత తెలివితక్కువది కాదు ఆవిడ.

"మీ ఇంటి ముద్ద మీకు తెలుసుగా సారూ," అన్నాడు సవీనో ఊపిరి తీసుకుని. "ముప్పయ్యేళ్ళ పైగా తింటున్నారు."

కతాల్దో ఈ ముద్ద చూశాడు. ఆ ముద్ద చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వాసన చూశాడు. పాపం, ఎవరెవరి సంసారాల పిండో కంఠతా వచ్చినవాడికి సొంత ఇంటి పిండి దగ్గర గుడ్లు తేలేయాల్సొచ్చింది.

"ఇది," అన్నాడు చివరికి, ఒక పక్క సరిగా నలగకుండా వదిలేసినట్టున్న ముద్దని చూపించి. "ఇదే మా ఆవిడది. ఆదరాబాదరాగా పిసికింది. నిన్న నాతో గొడవపడిందిలే."

సవీనో ఆ ముద్ద మీద చెయ్యి వేశాడు. కుడిపక్క గట్టిగా, నున్నగా ఉంది. ఎడమపక్క మెత్తగా, ఉండలు ఉండలుగా ఉంది. చెయ్యి తీయలేదు.

"కాదు సారూ. ఇది మీ ఇంటిది కాదు."

"నీకెలా తెలుసు?"

"ఇది ఒక చేత్తో పిసికిన పిండి."

సవీనో అపొల్లోనియమ్మ అచ్చు తీసుకుని, ముద్దకి ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నంత మెల్లగా అద్దాడు.

మధ్యాహ్నానికి బట్టీ నిండా ఆడవాళ్ళు. చెజారియ కూడా చర్చి నుంచి వచ్చేసింది. ఇరవైరెండు రొట్టెలు, బంగారం రంగులో, అచ్చు అచ్చుతో వరసగా ఉన్నాయి. అంతా సవ్యంగానే జరిగిపోయేది, విత్తోరియ కళ్ళు ఊరుకుంటేగా. మడిచిపెట్టిన గుడ్డల దొంతర చూసింది, బిస్కెట్ల డబ్బా చూసింది.

"నా అచ్చు ఈ డబ్బాలోకెలా వచ్చింది? గుడ్డలన్నీ ఒక్కచోట ఎందుకున్నాయి? మా ముద్దలు కలిపేశారన్నమాట!"

ఒక్కసారిగా కందిరీగల తుట్టె కదిలింది. ఇరవైమంది తలలూ సవీనో వైపు తిరిగాయి. "నేను చెప్పలా?" అంది ఒకావిడ. సవీనో తలదించుకుని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వార్డరు తప్పు చేస్తే ఖైదీ నోరెత్తకూడదన్నది వాడికి ఏడేళ్ళలో బాగా వంటబట్టిన చదువు. చెజారియ వాడి వంకే చూస్తోంది, మొహం మాడిపోయింది.

ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో తప్పు నాది అని ఒక ఖైదీ ముందు కతాల్దో అన్న పాపాన పోలేదు. అనకూడదని పైవాళ్ళు నేర్పారు, తనూ కిందివాళ్ళకి నేర్పాడు. అయినా ముందుకొచ్చాడు.

"నేను చేశాను," అన్నాడు. ఎవరికీ వినపడలేదని మళ్ళీ గట్టిగా అన్నాడు. "నేనే చేశాను! గుడ్డలు విప్పింది నేను, అచ్చులు తీసింది నేను, తలుపు తెరిచింది నేను. ముట్టుకోవద్దని చెజారియ చెప్పినా ముట్టుకున్నాను. వీడి తప్పు ఇంత కూడా లేదు. నా చెత్తంతా సరిచేసింది వీడు. మీ రొట్టెలు విరిచి చూసుకోండి. ఒక్కటి తారుమారైనా నన్ను తీసుకెళ్ళి ఆ పొయ్యిలో పెట్టండి."

ఆడవాళ్ళు విరిచారు. వాసన చూశారు. నోట్లో పెట్టుకున్నారు. నమిలారు.

"నాదే," అంది ఒత్తావియ టీచరు.

"నాదీ నాదే," అంది ఫిలిప్ప, కాస్త నిరాశగా.

విత్తోరియ రెండు ముక్కలు తిన్నాక ఒప్పుకుంది. "నాదే అనుకో. కానీ ఎలా కనిపెట్టాడు?"

"మా అమ్మ చెప్పేది," అన్నాడు సవీనో. "గురువారాలు."

"నా గురించి ఏం చెప్పింది?"

సవీనో, కతాల్దో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మంచి పిండి అని," అన్నాడు కతాల్దో గబుక్కున. అతను చెప్పిన అబద్ధాల్లో అంత చక్కగా అతికింది ఇంకోటి లేదు.

అప్పుడు వెనక నుంచి అపొల్లోనియమ్మ ముందుకొచ్చింది. అందరూ పక్కకి జరిగారు. ఆవిడ రొట్టె విరవలేదు. ఊరికే అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా గురించి కూడా చెప్పేదా మీ అమ్మ?"

"లేదమ్మా. ఒక్కసారి కూడా మీ పేరెత్తలేదు."

"మరి నాదెలా తెలిసింది?"

కతాల్దోకి అడ్డుపడి ఏదో ఒకటి చెబుదామనిపించింది, మరీస వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది.

"ఎడమపక్క నలగలేదమ్మా," అన్నాడు సవీనో. "ఆ చెయ్యి... నా వల్ల కదా."

అపొల్లోనియమ్మ తన మణికట్టు వైపు చూసుకుంది.

"మీ అమ్మ ప్రతి శనివారం నా కొట్టు ముందు ఒక రొట్టె పెట్టి పోయేది. తెలుసా నీకు?"

సవీనో తెలియదన్నట్టు తలూపాడు.

"చెప్పదులే. మొదటివారం కుక్కకి వేశాను. కుక్క తిని నిక్షేపంలా ఉంది. రెండోవారం నేనే తిన్నాను. నాలుగేళ్ళు తిన్నానురా. ఒక్కరోజు కూడా తలుపు తీసి, లోపలికి రావే సెరఫీనా అనలేదు. ఇప్పుడు అందామంటే మనిషి లేదు." ఆవిడ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కోపం తెచ్చుకుంది, ఏడుపు కంటే కోపమే ఆవిడకి అలవాటు. "విను. వచ్చే శనివారం నేను ముద్ద తేను. పిండి, నీళ్ళు తెచ్చుకుంటాను. కుడిపక్క నేను పిసుకుతాను. ఎడమపక్క నువ్వు పిసకాలి. ఆ చెయ్యి పోగొట్టింది నువ్వు, ఆ చెయ్యి పని నువ్వే చెయ్యి. అన్ని శనివారాలూ. తెలిసిందా?"

"తెలిసిందమ్మా," అన్నాడు సవీనో.

"కాగితం ఏదయ్యా?" అంది చెజారియ, చేతులు గౌనుకి తుడుచుకుంటూ.

కాగితం నెలరోజులుగా కతాల్దో జేబులోనే నలుగుతోంది. సంతకం మీద పిండి వేలిముద్ర పడింది. జడ్జిగారు అదేమిటని అడిగితే తెల్లసిరా అని చెప్పమంది చెజారియ. ఆ వెంటనే, కతాల్దో ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని కూడా అంది. ఇరవైరెండు మందీ ముక్తకంఠంతో బలపరిచారు.

అందుకని మరుసటి శనివారం కతాల్దో ఎదుటి అరుగు మీద నిలబడ్డాడు. లోపలికి పోయేవాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు. చివరికి అపొల్లోనియమ్మ పిండిసంచి రెండు చేతులతో కావలించుకుని వచ్చి, మూసిన తలుపు ముందు ఆగింది. ఎవరూ అరవలేదు, ఎవరూ చెప్పలేదు. లోపలి నుంచి సవీనో తనంతట తానే వచ్చి తలుపు తీశాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు కతాల్దో గాభరాగా. "ఒకరు తగ్గారు. ఎవరు రాలేదు?"

"నేను," అంది వెనక నుంచి మరీస, చంకలో ముద్దతో. "నీ ఇంటి పిండి నీకు తెలియదు, నీ పెళ్ళాం నీకు కనపడదు. ఆ పాడుచేసిన ముద్ద నాదన్నావట?"

కతాల్దో కిటికీలోంచి లోపలికి చూస్తున్నాడు. మరీస కూడా చూసింది. బల్ల మీద ఒకే పిండిముద్ద. దాని మీద ఈ పక్క ముసలామె కుడిచెయ్యి, ఆ పక్క సవీనో చెయ్యి. అపొల్లోనియమ్మ ఏదో తిడుతూనే ఉంది, వాడు తలూపుతూ పిసుకుతూనే ఉన్నాడు.

"ఏడుస్తున్నావా?" అంది మరీస.

"పిండి కళ్ళల్లో పడింది."

"వీధి దాటి ఇంతదూరం వచ్చిందా పిండి?" అని, ముద్దని ఒక చంకలోకి మార్చుకుని, రెండో చేత్తో మొగుడి కుడిచెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ తొడకి అంటుకుని ఉండే చెయ్యి అది.